షార్ట్ ఫిల్మ్‌లో మనిషంత బొమ్మ: చూసేవాళ్లు నవ్వకుండా, జడుసుకోకుండా ఎలా తీయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మల్కాజ్‌గిరిలో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఒంటరిగా ఉంటాడు. భార్య పోయి రెండేళ్లయింది, కూతురు డాలస్‌లో ఉంది. ఆయన మనిషంత బొమ్మను ఇంటికి తెచ్చుకుని దానితో కాలక్షేపం మొదలుపెడతాడు. నిడివి 25 నిమిషాలు. "చూసేవాళ్లు నవ్వకూడదు, దెయ్యం సినిమా అనుకోకూడదు. అచ్చం మనిషిలా ఉండే బొమ్మ ఎక్కడ చేయించాలి, ఎంత పెట్టాలి?" అన్నారు. నాది ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పని కాబట్టి అటు వైపు నుంచే చెబుతాను. కథలోనూ కాస్త వేలు పెట్టక తప్పదు, ఎందుకంటే మీ సమస్యలో సగం అక్కడే ఉంది.

సూటిగా చెప్పాలంటే, బొమ్మకని పక్కన పెట్టిన డబ్బులో సగం మిగుల్చుకోండి. తల, రెండు చేతులు బాగా చేయిస్తే చాలు, మిగతాదంతా చీరలో పోతుంది. బొమ్మ ఎంత సహజంగా ఉందన్నది ప్రేక్షకుడు మొదటి రెండు నిమిషాలే చూస్తాడు. ఆ తర్వాత ఆ పెద్దాయన దానికి చేసే చాకిరీని చూస్తాడు. ఒంటరితనం కనబడేది ఆయన బొమ్మ మొహంలోకి చూసే చూపులో కన్నా, బొమ్మ కోసం చేసే ఇంటిపనిలో. స్క్రిప్టులో ఆ పని లేకపోతే లక్షలు పోసి చేయించిన సిలికాన్ కూడా షోరూమ్ బొమ్మలాగే ఉంటుంది.

మనిషి పోలిక అక్కర్లేదనడానికి రుజువు 2000లో వచ్చిన 'కాస్ట్ అవే'. దీవిలో చిక్కుకున్న మనిషికి తోడు ఒక వాలీబాల్. దాని మీద ఉన్నది రక్తం అంటిన అరచేతి ముద్ర, అందులో గీసిన కళ్లూ నోరూ. అంతే. అది సముద్రంలో కొట్టుకుపోతుంటే హాల్లో జనం ఏడ్చారు. నికొలస్ ఎప్లీ అనే షికాగో మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరితనం ఎక్కువున్నవాళ్లు అలారం గడియారం లాంటి వస్తువుకు కూడా మనసును అంటగడతారని తేలింది. ఒంటరితనపు భావన కలిగించడానికి ఆ ప్రయోగాల్లో ఒకచోట వాళ్లు చూపించింది కూడా ఈ సినిమా ముక్కే. కాబట్టి మీ పెద్దాయన బొమ్మతో ఎందుకు మాట్లాడుతున్నాడో డైలాగుల్లో వివరించకండి. మనుషులు చేసేదే అది. మన ఇళ్లలో దండ వేసిన ఫోటోతో రోజూ మాట్లాడే పెద్దవాళ్లు లేరా?

ఇక జడుపు సంగతి. జపాన్ రోబో శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లోనే రాశాడు: బొమ్మ మనిషికి దగ్గరవుతున్నకొద్దీ ఇష్టం పెరుగుతుంది, మరీ దగ్గరికొచ్చి కొద్దిలో తప్పితే మాత్రం ఒక్కసారిగా వెగటు పుడుతుంది, కదలిక తోడైతే ఆ వెగటు ఇంకా లోతవుతుంది. మీకు పనికొచ్చేది ఆఖరి మాట. కదలని బొమ్మకు ప్రేక్షకుడు చాలా క్షమిస్తాడు. అందుకని బొమ్మ తనంతట తాను ఏ పనీ చేయకూడదు. కన్నార్పడం, చివర్లో చిన్న చిరునవ్వు, రాత్రిపూట తల కాస్త తిరగడం లాంటివి ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. వినకండి. బొమ్మకు ప్రాణం వచ్చే కథే వేరు. జపాన్ దర్శకుడు కొరే-ఎడా 2009లో తీసిన 'ఎయిర్ డాల్'లో గాలిబొమ్మే లేచి నడుస్తుంది, అక్కడ ఒంటరితనాన్ని చూసేది బొమ్మ కళ్లతో. మీ కథలో చూసేది ముసలాయన వైపు నుంచి. రెండూ కలిపితే ఏదీ మిగలదు.

ముందు తేల్చుకోవాల్సినవి మూడు

మొదటిది, ఆయనకు అది బొమ్మని తెలుసా? 2007 నాటి 'లార్స్ అండ్ ది రియల్ గర్ల్'లో లార్స్ తన దగ్గరున్న బొమ్మను నిజంగానే మనిషని నమ్ముతాడు. అది భ్రమ. అందుకే అక్కడ డాక్టర్ పాత్ర కావాల్సి వచ్చింది, ఊరంతా కలిసి ఆ భ్రమను మోయాల్సి వచ్చింది. వాలీబాల్ కథలో ఆయనకు తెలుసు, తెలిసే మాట్లాడతాడు. 25 నిమిషాల్లో మీరు మోయగలిగింది రెండోదే. మతిమరుపు జబ్బు మాత్రం తగిలించకండి. ఆ జబ్బున్నవాళ్ల చేతికి పసిపాప బొమ్మలిచ్చి స్థిమితపరచడం వృద్ధాశ్రమాల్లో నిజంగానే ఉంది, కానీ దాన్ని తెస్తే మీ కథ ఒంటరితనం గురించి కాకుండా రోగం గురించి అయిపోతుంది.

రెండోది, బొమ్మకు భార్య పోలిక ఉందా? ఇదే అసలు ప్రశ్న, మీ మెసేజ్‌లో దీని ఊసే లేదు. పోలిక ఉంటే అది విగ్రహం. ఆ పద్ధతి మనకు కొత్తేం కాదు. ఉత్తరకాండలో రాముడు అశ్వమేధానికి పక్కన కూర్చోబెట్టింది బంగారు సీతనే. ఇంకో పెళ్లి చేసుకోలేదు, పీట ఖాళీగా ఉంచే వీలు లేదు. ఆ విగ్రహం పని యజ్ఞంతో ముడిపడింది. 2020లో కర్ణాటకలో ఒకాయన కొత్తింటి గృహప్రవేశంలో పోయిన భార్య సిలికాన్ విగ్రహాన్ని సోఫాలో కూర్చోబెట్టిన ఫోటోలు దేశమంతా తిరిగాయి, గుర్తుండే ఉంటుంది. అదీ శుభకార్యంలో పక్క చోటు నింపడమే. ఈ దారి పడితే మీ బొమ్మకు ఒక సందర్భం కావాలి, పూజో, కూతురి రాకో. పోలిక లేకపోతే మాత్రం ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నట్టు: గోడ మీద దండతో ఒకరు, కుర్చీలో ఒకరు. దండ ఫోటో బొమ్మకు ఎదురుగా ఉందా, వెనక ఉందా, ఆయన దాన్ని పక్క గదిలోకి మార్చాడా అన్న దాంట్లోనే మీ సినిమా సగం ఉంది. నా ఓటు పోలిక లేని బొమ్మకే. చేయించడం తేలిక, కథ కష్టం. కథ కష్టంగా ఉండటం మీకు మంచిదే.

మూడోది, మొదట ఎవరికి తెలుస్తుంది? ప్రతి స్క్రిప్టులోనూ కూతురు వీడియో కాల్‌లో చూసి కెవ్వుమంటుంది. మన ఇళ్లలో మొదట తెలిసేది పనిమనిషికి. పొద్దున ఏడింటికి చీపురు పట్టుకుని వస్తుంది, గది గదికీ వెళ్తుంది. ఆమెకు ఆశ్చర్యపోయే తీరిక కూడా ఉండదు, ఇంకా మూడిళ్లు తిరగాలి. మొదటి రోజు బొమ్మ చుట్టూ ఊడ్చేసి వెళ్లిపోతుంది. నాలుగో రోజు "అమ్మా, కాలు" అని నోరు జారి, తనే నాలుక కరుచుకుంటుంది. అక్కడ హాల్లో నవ్వు వస్తుంది, రానివ్వండి. నవ్వకూడదని మీరు అంత పట్టుబట్టడం నాకు అర్థం కాలేదు. మొదటి ఐదు నిమిషాల్లో ప్రేక్షకుణ్ని మీరే నవ్విస్తే ఆయనను చూసి నవ్వే అవసరం అతనికి తర్వాత రాదు. అసలు నవ్వనివ్వకుండా బిగబట్టి తీస్తే, తప్పు చోట నవ్వుతారు.

చాకిరీ: బొమ్మ నిజంగా ఏం అడుగుతుంది?

రెండు కప్పుల కాఫీ కలిపి ఒకటి బొమ్మ ముందు పెట్టే సీను తీసేయండి. ఎవరు రాసినా ముందు అదే వస్తుంది. సిలికాన్ బొమ్మను ఇంట్లో పెట్టుకుంటే ఉండే నిజమైన తిప్పలు అంతకంటే బాగుంటాయి.

దుమ్ము పడుతుంది. సిలికాన్ దుమ్మును లాక్కుంటుంది, హైదరాబాద్ ఎండాకాలంలో కిటికీ తీసుంచితే సాయంత్రానికి మొహం బూడిద రంగుకు తిరుగుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పలచగా టాల్కమ్ పౌడర్ అద్దాలి, లేకపోతే జిగటగా ఉండి మళ్లీ పడుతుంది. చెవుల వెనక, మెడ మడతల్లో, వేళ్ల సందుల్లో తుడవాలి. భార్య బతికుండగా ఒక్కసారి కూడా మంచం మీద దుప్పటి మార్చని మనిషి ఈ పని చేస్తున్నాడంటే ఇంక డైలాగ్ ఎందుకు?

రంగు దిగుతుంది. కొత్త నేత చీర, ముదురు రంగు జాకెట్టు తొడిగి రెండు రోజులుంచితే మెడ దగ్గరా చంకల దగ్గరా మెరూన్ మరక పడుతుంది, సబ్బుకు పోదు. అప్పుడు పనిమనిషి చెప్పాలి ఆయనకు, కొత్త చీర ముందు ఉప్పునీళ్లలో నానబెట్టాలని. అరవై అయిదేళ్ల మనిషి బకెట్‌లో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి చీర ముంచే షాట్‌కు రీరికార్డింగ్ కూడా అక్కర్లేదు.

బొట్టు నిలవదు. ఇది చాలామందికి సెట్ మీద తెలుస్తుంది: సిలికాన్‌కు స్టిక్కర్ బొట్టు అంటదు. అద్దిన కాసేపటికి ఒక అంచు లేస్తుంది, తర్వాత ముక్కు మీదికి జారుతుంది, ఆపైన ఒళ్లో పడుతుంది. షూటింగ్ కోసం మేకప్‌వాళ్ల దగ్గరుండే సిలికాన్ జిగురుతో అంటించాలి. కానీ కథలో ఆ పడిపోవడాన్నే వాడుకోండి. ఆయన పేపరు చదువుతూ తల ఎత్తుతాడు, బొట్టు లేదు. లేచి, చీర మడతల్లో వెతికి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, మళ్లీ వేలితో నొక్కిపెట్టి పట్టుకుంటాడు, అంటుకునేదాకా. కుంకుమ పెట్టే ఆలోచన మాత్రం వద్దు, ఆ ఎరుపు నుదుట్లో ఉండిపోతుంది.

బరువు. పూర్తి సిలికాన్ బొమ్మ 30 నుంచి 45 కిలోలు ఉంటుంది. ఆ వయసులో ఆయన ఎత్తలేడు. ఎత్తినట్టు తీస్తే అబద్ధం, ఎత్తలేక నడుం పట్టుకుంటే నిజం. చక్రాల కుర్చీ వాడండి. లార్స్ కథలో కూడా బొమ్మను ఊళ్లో తిప్పింది చక్రాల కుర్చీలోనే, ఆ ఒక్క వస్తువుతో మోసే ఇబ్బంది తీరింది, జనం జాలిగా దారివ్వడానికి సాకూ దొరికింది. భార్య ఆఖరి రోజుల్లో కొన్న కుర్చీ అటక మీద ఉందనుకుంటే మీకు గతం కూడా ఉచితంగా వస్తుంది.

బొమ్మ తయారీ

ముందు చట్టం మాట. విదేశీ సైట్ల నుంచి పెద్దలకు అమ్మే సిలికాన్ బొమ్మ తెప్పించాలని చూడకండి. అశ్లీల వస్తువుల కింద కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది, డబ్బూ పోతుంది, షెడ్యూలూ పోతుంది. పైగా ఆ శరీరానికి చీర కడితే చూడలేం.

నేనైతే కూర్చున్న భంగిమలో ఉన్న ఫైబర్ మానెక్విన్‌తో మొదలుపెడతాను. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల ప్రాపర్టీస్ (షూటింగ్ సామాన్లు) అద్దెకిచ్చేవాళ్లను అడగండి. నిలబడే బొమ్మ దొరకడం తేలిక కానీ అది అయిదడుగుల ఎనిమిది అంగుళాలపైనే ఉంటుంది, మీ ఇంటి హాల్లో జిరాఫీలా నిలబడుతుంది. ఫైబర్ ఒళ్లు పదీ పన్నెండు కిలోలు, ఇద్దరు కుర్రాళ్లు సులభంగా మోస్తారు. దాని తల తీసేయించి సిలికాన్ తల, మోచేతి కింద నుంచి సిలికాన్ చేతులు పెట్టించండి. ప్రోస్థటిక్ మేకప్ (సిలికాన్‌తో కృత్రిమ చర్మం, అవయవాలు) చేసేవాళ్లు ఈ పని చేస్తారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు మీకు తెలిసుండాల్సినవి:

ముందు మట్టితో తల చేసి, దాని నుంచి అచ్చు తీసి, అందులో సిలికాన్ పోస్తారు. ఆ మట్టి గంధకం లేనిదై ఉండాలి. ఈ పనికి వాడే ప్లాటినం రకం సిలికాన్‌కు గంధకం తగిలితే ఆ చోట గట్టిపడదు, ఎన్నాళ్లయినా జిడ్డుగా ఉండిపోతుంది. రబ్బరు గ్లౌజులు వేసుకుని కలిపినా అదే గతి, వినైల్ గ్లౌజులు వాడాలి. పాత అచ్చులో అంతకుముందు టిన్ రకం సిలికాన్ పోసి ఉంటే దాన్నీ నమ్మొద్దు. ఒక చెంచాడు కలిపి అచ్చు మూలన రాసి, మర్నాడు వేలితో చూసి, అప్పుడు మొత్తం పోయాలి.

సిలికాన్ మెత్తదనాన్ని షోర్ అనే కొలతలో చెబుతారు. మొహానికి షోర్ ఏ స్కేలులో 10, చేతుల మెత్తటి భాగానికి షోర్ 00 స్కేలులో 30 సరిపోతుంది. ఈ రకాల్లో ఎక్కువ వాటికి రెండు భాగాలూ సమానంగా తూకం వేసి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. లోపల ఫైబర్ పుర్రె పెట్టి పైన 4, 5 మిల్లీమీటర్ల చర్మం పోస్తే తలకు దాదాపు ముప్పావు కిలో పడుతుంది. చేతులతో కలిపి, వృథాతో సహా మూడు కిలోలు తెప్పించండి. లోపలంతా సిలికానే పోసి ముద్దగా చేస్తే తల బరువుకు మెడ అతుకు ఊగుతుంది, మూడో రోజుకల్లా గడ్డం కిందికి వాలుతుంది.

డబ్బా మీద 20 నిమిషాల్లో వాడాలని రాసి ఉంటే అది 23 డిగ్రీల గదికి. మే నెలలో రేకుల షెడ్డులో పదికి లోపే చిక్కబడుతుంది, బుడగలు బయటికి రావు. ఏసీ గదిలో, లేదా తెల్లవారుజామున పోయమనండి. బుడగలను లాగేసే వ్యాక్యూమ్ ఛాంబర్ లేకపోతే మొదటి పూత బ్రష్‌తో రాసి, తర్వాత ఎత్తు నుంచి సన్నటి ధారగా పోయాలి. ముక్కు కొన, చెవి తమ్మెలు, పెదవి మూలలు, బుడగలు చిక్కేది ఇక్కడే.

రంగు లోపలే కలవాలి, బరువులో 3 శాతం దాటకుండా. ఎక్కువ కలిపితే చర్మంలోకి వెలుగు దిగదు, ఖరీదైన సిలికాన్ కాస్తా ఫైబర్‌లా కనబడుతుంది. పైన వేసే మచ్చలు, కళ్ల కింద నలుపు, నరాలు సిలికాన్ ఆధారిత రంగులతోనే వేయాలి. మామూలు మేకప్ గుడ్డతో తుడిస్తే పోతుంది, మీ కథలో ఆయన రోజూ తుడుస్తాడు కదా. మన ఆర్టిస్టులు అలవాటుగా రెండు షేడ్లు తెలుపు వేస్తారు, మీ హీరో చేతి పక్కన పెట్టి చూసి ఒప్పుకోండి.

వేళ్లలో అల్యూమినియం తీగ ఉంటుంది. దాని కొస వంచి చిన్న గుండ్రంగా చేయకపోతే పది సార్లు వంచేసరికి గోరు దగ్గర పొడుచుకుని బయటికొస్తుంది. ఒకే జత చేతులతో షెడ్యూల్ అంతా లాగొద్దు, కుడి చేయి ఒకటి అదనంగా పోయించుకోండి. ఆయన పట్టుకునేది దాన్నే.

జుట్టు మొత్తం ఒక్కొక్క వెంట్రుకా గుచ్చిస్తే వారాలు పడుతుంది. నుదుటి మీద రెండు అంగుళాలు గుచ్చించి, వెనక విగ్గు కలపండి. విగ్గు ఉన్నది ఉన్నట్టు పెడితే మరీ ఒత్తుగా ఉంటుంది. యాభై దాటిన ఆడమనిషి అనుకుంటే సగం పలచన చేయించి పాపిట వెడల్పు చేయాలి.

కళ్లు. దీని మీద గంట ఎక్కువ ఖర్చుపెట్టినా ఫర్వాలేదు. చూపు తిన్నగా ముందుకు, దూరానికి పెడితే జడుపు, పెట్టిన చోటల్లా కెమెరాను చూస్తుంది. కాస్త కిందికి, నాలుగైదు అడుగుల దూరంలో ఏదో చూస్తున్నట్టు అమర్చమనండి. దీనివల్ల సెట్‌లో ఒక లాభం ఉంది. ఆయన ఎక్కడ కూర్చున్నా ఆమె చూపులో పడడు, తన కుర్చీని లాక్కుని ఆ చూపులోకి వచ్చి కూర్చోవాలి. మొదటిసారి తడుముకుంటాడు, ఎడమకు జరుగుతాడు, వంగి చూస్తాడు. పదో రోజుకు చూడకుండానే కుర్చీ సరిగ్గా అక్కడ వేస్తాడు. ఆ తర్వాత ఒకరోజు గచ్చు మీద కుర్చీ కాళ్ల గీతలు కనిపిస్తాయి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మీకు ఇవ్వగలిగిన కథనం ఇదే, ఖర్చు కూడా లేదు.

చీర కట్టడం చిన్న సంగతి కానీ సెట్ మీద గంటలు తినేస్తుంది. ఫైబర్ నడుం నున్నగా ఉంటుంది, లంగా జారిపోతుంది. నడుం చుట్టూ సన్నటి స్పాంజి అంటించి దాని మీద నాడా బిగించాలి. మానెక్విన్ చేతులు భుజం దగ్గర ఊడతాయి, జాకెట్టు ముందు తొడిగి చేతులు తర్వాత బిగించాలి. గంజి పెట్టిన నూలు చీరే వాడండి, సింథటిక్ చీర కూర్చున్న బొమ్మ ఒళ్లో నిలవదు. కట్టాక ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంచుకోకపోతే మర్నాడు కుచ్చిళ్లు ఎన్నో ఎవరికీ గుర్తుండదు. ఆయన పాత్ర కట్టిన చీర మాత్రం కాస్త వంకరగా ఉండాలి. కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్ ప్రతి షాట్ ముందూ సర్దేస్తుంది, వాళ్లను ఆపడం మీ అసిస్టెంట్ డైరెక్టర్ పని.

షూటింగ్

ఫ్యాన్ కట్టేయండి. పైట కొంగు ఒక్కసారి ఊగితే చాలు, మీరు దెయ్యం సినిమాలోకి వెళ్లిపోతారు. జుట్టు, కొంగు పిన్నులతో కట్టడి చేయాలి. అలాగని ఫ్రేమ్‌లో ఏదీ కదలకపోతే షాట్ ఆగిపోయిన ఫోటోలా ఉంటుంది. అందుకని బొమ్మకు దూరంగా ఏదో ఒకటి బతికుండాలి: టీవీ వెలుగు గోడ మీద మారడం, అగరుబత్తి పొగ, వంటింట్లో కుక్కర్ ఆవిరి.

భంగిమ మారితే మార్చిన చెయ్యి తెర మీద కనబడాలి. నిన్న ఒళ్లో ఉన్న చేయి ఇవాళ కుర్చీ మీద ఉంటే, మధ్యలో ఆయన మార్చడం చూపించకపోతే ప్రేక్షకుడి వెన్ను జలదరిస్తుంది. మొదటి సగంలో ఇది కచ్చితంగా పాటించండి, తర్వాత వదిలేసినా అతనే పూరించుకుంటాడు.

లైటు ఎదురుగా పెట్టొద్దు. ట్యూబ్‌లైటు నేరుగా పడితే ఎంత మంచి సిలికాన్ అయినా ప్లాస్టిక్కే. కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుగు పక్క నుంచి రానిచ్చి, అవతలి వైపు ఆ వెలుగు తిరిగి పడేలా థర్మకోల్ షీటు దూరంగా పట్టించండి. మొహమంతా పౌడర్‌తో మెరుపు తీసేసి కింది రెప్ప అంచున, పెదవి మీద మాత్రం చుక్కంత తడి మెరుపు ఉంచాలి. కంట్లో లైటు చుక్క మీ చేతిలో ఉన్న మీట: ఆయన ఆమెతో ఉన్నప్పుడు ఉంచండి, కోపమొచ్చి పట్టించుకోని రోజు నల్లగుడ్డ అడ్డుపెట్టి తీసేయండి. అదే బొమ్మ, కళ్లు చచ్చిపోతాయి.

లెన్స్ 50, 85 మిల్లీమీటర్లు. దగ్గరగా వైడ్ పెట్టి మొహం తీస్తే ముక్కు సాగి వెగటుగా ఉంటుంది. ట్రాలీ వేసి బొమ్మ మొహం వైపు మెల్లగా వెళ్లే షాట్ అందరికీ ముచ్చట, కానీ ఆ షాట్ "ఇప్పుడేదో జరుగుతుంది" అని ప్రేక్షకుడికి మాటిస్తుంది. జరగదు కదా. ఆయన మీదికి వెళ్లండి, బొమ్మను స్టాండు మీద నుంచే తీయండి. వీలైనన్ని చోట్ల ఆమె భుజం మీదుగా ఆయన సజెషన్ షాట్ పెట్టుకోండి, ఆ షాట్‌లో జుట్టూ భుజమూ తప్ప ఏమీ కనబడవు, బొమ్మన్న సంగతే మరిచిపోతారు.

ఎడిటర్‌కు వాడుకోవడానికి బొమ్మ షాట్లు దండిగా ఇవ్వండి. ఎదురు, రెండు వైపులా ముప్పావు మొహం, పూర్తి పక్క మొహం, ఈ నాలుగు కోణాలూ పొద్దుటి ఎండలో, మధ్యాహ్నం, ట్యూబ్‌లైటులో, బెడ్‌ల్యాంపులో, ఒక్కోటి 30 సెకన్లు. నూరేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ ఒకే నటుడి భావం లేని మొహాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపించిన కిటుకు తెలిసిందే కదా, మీ బొమ్మ ఆ నటుడు. ఒకే క్లోజప్‌ను మూడు సీన్లలో వాడండి, మూడుసార్లూ వేరేగా చదువుతారు.

మాట

తెలుగు సినిమాలో ఫోన్ సీను ఎలా రాస్తామో తెలుసుగా: "ఏంటీ, రేపొస్తున్నావా? అవునా, పొద్దుటి ట్రైన్‌కా?" అవతలి మాట మనకు వినబడదని ఇవతలివాడు అప్పజెబుతాడు. బొమ్మతో మాట్లాడే డైలాగులు కూడా అందరూ అలాగే రాస్తారు, "ఏంటీ, ఉప్పెక్కువైందా?" అని. ఒక్క లైను అలా పడితే పెద్దాయన పిచ్చివాడో, కమెడియనో అయిపోతాడు. ఆయన అడిగి ఊరుకోవాలి. జవాబు మనకు తెలియకూడదు, ఆయన మొహంలో దాని తర్వాతి మార్పు మాత్రం తెలియాలి.

దీనికి రిహార్సల్ ఇలా చేయించండి. ఆ కుర్చీలో ఒక నటిని కూర్చోబెట్టి, ఆమెకు పూర్తి డైలాగులు రాసిచ్చి, సీను మొత్తం నడిపించి రికార్డు చేయండి. తర్వాత ఆమె నోరు మూసుకుని కూర్చుంటుంది, ఆయన అవే విరామాలతో చేయాలి. ఆపైన ఆమె లేచి, బొమ్మ వస్తుంది. ఈ మూడు మెట్లూ దాటిన నటుడి విరామాలు ఒకేలా ఉండవు: "మందులేసుకున్నావా?" తర్వాత ఒక సెకను, "నా మీద కోపమా?" తర్వాత నాలుగు. నేరుగా బొమ్మ ముందు నిలబెడితే ప్రతి ప్రశ్నకూ కొలిచినట్టు రెండేసి సెకన్లు ఆగుతారు, ఎడిటింగ్‌లో దాన్ని బాగుచేయలేం. పిలుపు కూడా ఆలోచించండి. భార్యను జీవితాంతం "ఏమేవ్" అన్నవాడు బొమ్మను పేరుపెట్టి "మీరు" అంటే అదొక కథ. పేరే పెట్టకుండా గొంతు సవరించుకుని మొదలుపెడితే అది ఇంకా నిజం.

సౌండ్‌లో ఊపిరి శబ్దాలు కలపొద్దు. ఆ గది ఖాళీ శబ్దం ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోండి, ఆయన ఆగిన చోటల్లా అదే ఉండాలి.

ముగింపు గురించి మీరు రాసిన హుస్సేన్ సాగర్ నిమజ్జనం ఆలోచన వదులుకోండి. వినాయకుడి ఊరేగింపు గుర్తొచ్చి హాలు నవ్వుతుంది, పైగా ట్యాంక్‌బండ్ మీద షూటింగ్ అనుమతి, జనాన్ని ఆపడం మీ బడ్జెట్‌కు మించినవి. తగలబెట్టడం కూడా వద్దు, ఫైబర్ కాలితే వచ్చే నల్లపొగ యూనిట్ మొత్తానికీ ప్రమాదం. కూతురు వచ్చే రోజున ఆయన బొమ్మను దాచాలా వద్దా అన్న దగ్గర ఆపుకోవచ్చు. చక్రాల కుర్చీ, చిన్న పడకగది, ఒక అటక, ఒక పాత చీర ఉన్నాయి మీ దగ్గర.

తల చేయించడానికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పని. అద్దెకు మామూలు మానెక్విన్ తెచ్చి, చీర కట్టి, కుర్చీ లాక్కునే సీనూ బొట్టు సీనూ ఫోన్‌తో తీయండి. సౌండ్ లేకుండా, కథ తెలియని నలుగురికి చూపించండి, అందులో ఇద్దరు అరవై దాటినవాళ్లు ఉండాలి. "బొమ్మ బాగుంది" అనో "బొమ్మ బాలేదు" అనో అంటే స్క్రిప్టు దగ్గరికి తిరిగి వెళ్లండి. "ఆయనకు పిల్లల్లేరా?" అని అడిగితే అడ్వాన్స్ ఇచ్చేయండి.